బూడిద మూతి బండి

మా బావ నా కారును నలుగురిలో అవమానించింది మా మేనకోడలి నిశ్చితార్థం నాడు. ధర్మసాగర్‌లో ఆయన ఇంటి ముందు పెళ్లికొడుకు తరపు వాళ్లు భోజనాలు ముగించి చేతులు కడుక్కుంటున్నారు. ఆయన నా కారు ముందుకు వెళ్లి, బంపర్‌ను అరచేత్తో గట్టిగా చరిచి, అందరికీ వినబడేలా అడిగాడు.

“ఏం బామ్మర్ది, నీ బండి బూడిద తిని మూతి కడుక్కోలేదా?”

నవ్విన వాళ్లందరూ నాకు గుర్తున్నారు. పెళ్లికొడుకు పెదనాన్న చిగుళ్లు కనబడేలా నవ్వాడు. వంటవాడు గరిటె ఆపి మరీ నవ్వాడు. మా అక్క కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో దగ్గో ఇప్పటికీ తేల్చి చెప్పలేదు.

“మా ఊరి నీళ్లతోనే కడుగుతడు పాపం,” అన్నాడు బావ వాళ్లతో. “వరంగల్ నల్లాల దాక పోయేసరికి మా నీళ్లు గూడ పాడైతయి.”

వరంగల్ వాళ్లం తాగేది వాళ్ల చెరువు నీళ్లేనని మా అక్క పెళ్లైన రోజు నుంచీ వింటున్నాను. ఆ మాట రాకుండా ఆయన నాతో ఒక్క పూట కూడా అన్నం తినలేదు.

కారు పాతదే, కాదనను. ఎర్ర రంగు. ఆ రంగు ఇప్పటికీ బాగుంది, ఇంజను నా మాట వింటుంది. పాడైందల్లా నల్ల ప్లాస్టిక్. ముందు బంపర్, వెనక బంపర్, తలుపుల మీద అడ్డంగా పోయే బీడింగులు, అద్దాల డొప్పలు, వైపర్ల కింది జాలీ, అన్నీ ఎండకు మాడి తెల్లబోయాయి. వరంగల్ మట్టెవాడలో మా సందులో నీడ ఉండదు. ఉన్న ఒక్క రేకుల పందిరి కింద పక్కింటివాళ్లు తమ బండి పెట్టుకుంటారు. వాళ్లతో నాకు మాటలు లేవు.

ఆ రోజు నవ్వనిది ఒక్క మా మేనకోడలే. తమలపాకుల పళ్లెం పట్టుకుని గడపలో నిలబడి ఉంది. చిన్నప్పుడు ఆ కారు కొన్న కొత్తలో మొదట ఎక్కింది తనే. హన్మకొండ దాకా తిప్పితే వెనక సీటు నిండా వాంతి చేసుకుని, “నా పెండ్లికి గూడ గీ కార్లనే పోత మామా,” అంది. దాన్ని నేను మర్చిపోలేదు. తనూ మర్చిపోలేదని ఆ రోజు తెలిసింది.

“మండపానికి నేను మామ కార్లనే పోత,” అంది తను, పళ్లెం దించకుండానే.

“బూడిద బండ్ల దిగుతవా పెండ్లికూతురువై? కొత్త బండి మాట్లాడిన,” అన్నాడు బావ. పెళ్లివారు చూస్తున్నారని గొంతు తగ్గించి, “గా బంపర్లు నల్లగైతే అప్పుడు సూద్దాం తియ్యి,” అన్నాడు.

“నల్లగ చేస్త,” అన్నాను. “నువ్వే సూస్తవు.”

పందెం అక్కడ పడింది. పిల్ల నా కారులో మండపానికి వెళుతుందా లేదా అన్నదే అందులో ఉంది. మా బావకు అది నవ్వులాట కావచ్చు. నాకు కాదు.

ఆయన సంగతి నాకు మొదటి రోజే తెలిసింది. మా అక్క సంబంధం మాట్లాడటానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు, వాకిట్లో కట్టేసిన కుక్క తాడు తెంపుకుని వచ్చి నా పిక్క పట్టుకుంది. పట్టుకుని వదలలేదు, తల విదిలించింది. మాంసం ఊడింది. బావ కట్టెతో దాని నడుము మీద కొట్టి విడిపించాడు. తర్వాత రక్తం కారుతున్న నా కాలు చూసి, “మా కుక్కకు మనుషులు ఎరుకైతరు,” అన్నాడు. దవాఖానకు తీసుకువెళ్లింది ఆయనే. స్కూటర్ మీద దారి పొడుగునా ఆ కుక్కనే పొగిడాడు. పిక్క మీద గుంట ఇంకా ఉంది. మోకాలు మడిచినప్పుడల్లా ఆ పొగడ్త వినిపిస్తుంది.

నిశ్చితార్థం నుంచి తిరిగి రాగానే ఒక దుకాణంలో టైరు పాలిష్ కొన్నాను. ప్లాస్టిక్‌కు కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుందని దుకాణదారు ప్రమాణం చేశాడు. పూసిన రోజు నల్లగానే ఉంది. మర్నాటి వానకు చారలు చారలుగా కారి ఎర్ర తలుపుల మీద ఎండిపోయింది. నేను వెళ్లి మిగిలిన సీసాను వాడి కౌంటర్ మీద పగలగొట్టాను. గాజుపెంకు నా బొటనవేలులో దిగింది. వాడు షట్టర్ కర్ర ఎత్తాడు. నేను కదలలేదు. చివరికి వాడే కర్ర దించాడు.

అప్పుడు మా నాయన గుర్తుకొచ్చాడు.

మా నాయన రఘునాథపల్లిలో వ్యవసాయం చేసేవాడు. హైవే పక్కన లారీలు ఆగే చోట మెకానిక్కులు పారబోసే కాలిన ఇంజన్ ఆయిల్‌ను డబ్బాలో పట్టుకొచ్చేవాడు. ఎండాకాలం వచ్చిందంటే దర్వాజాలకు, ఎడ్లబండి చక్రాలకు, నాగలికి అదే పూత. చెద పట్టదు, కర్ర నిగనిగలాడుతుంది. పూసే పని నాది. ఒక్క మూల వదిలేసినా ఆ నూనె గుడ్డతోనే మొహం మీద కొట్టేవాడు. కళ్లు మండి ఏమీ కనబడేది కాదు. కనబడకపోయినా తడుముకుంటూ ఆ మూల పూసేవాణ్ని. మా వైపు పాతబడి తెల్లబోయిన దేనికైనా మందు కాలిన ఆయిలే. కారుకు మాత్రం ఎందుకు పనికిరాదు?

పాత బనీను ముంచి పూశాను. బంపర్, బీడింగులు, అద్దాల డొప్పలు, ఒక్క మూల కూడా వదలలేదు. కారు చెరువులోంచి లేచిన బర్రెలా మెరిసింది. మా ఆవిడ బయటికి వచ్చి ముక్కు మూసుకుంది.

“గింత మంచిగ నన్నెప్పుడన్న తోమినవా?” అంది.

పసుపు దంచే రోజున ఆ కారులోనే ధర్మసాగర్ వెళ్లాను. వాకిట్లో ఆడవాళ్లు రోలు చుట్టూ ఉన్నారు, రోకళ్లకు పసుపుకొమ్ములు కట్టి ఉన్నాయి. బావ తెల్ల లాల్చీ పైజామా వేసుకున్నాడు. కారు చుట్టూ తిరిగి చూశాడు. వంక దొరకలేదు. అది నాకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. పెళ్లికొడుకు పెదనాన్న ఫోను తీసి, “బండి కాడ ఒక ఫోటో దిగుదాం బావగారూ,” అంటే, మా బావ చేతులు కట్టుకుని దర్జాగా తలుపుకు ఆనుకున్నాడు.

ఆయన లేచేసరికి నడుముకు అడ్డంగా జానెడు నల్లటి పట్టీ. లాల్చీ మీద, పైజామా మీద. ఎవరో ముసలమ్మ “అయ్యో, మసి” అంది. బావ వెనక తడుముకుని, వేళ్లు వాసన చూశాడు.

“కాలిన ఆయిల్ పూసినవా?”

“నల్లగైందా లేదా, అది చెప్పు.”

“పెండ్లి బండికి కాలిన ఆయిల్ పూసిండు సూడుండ్రి. వీళ్ల నాయిన గట్లనే దొడ్డి తలుపుకు పూసుకుంట బతికిండు. నేర్పింది గదే.”

“మా నాయినను నడుమ తేకు బావా.”

“తెస్తే ఏం జేస్తవ్?”

నేను ఒక అడుగు ముందుకు వేశాను, అంతే. ఆయన చెంప మీద కొట్టాడు. చెవిలో గంట మోగినట్టయింది. నేను తల వంచి నుదుటితో ఆయన మూతిని గుద్దాను. పన్ను తగిలి నా కనుబొమ చీలింది. ఇద్దరం ఒకరి గల్లా ఒకరం పట్టుకుని రోలు మీద పడ్డాం. పసుపు లేచి కళ్లలో, నోట్లో పోయింది. నేను ఆయన పక్కటెముకల్లో మోకాలుతో పొడిచాను. ఆయన నా చెవి పట్టుకుని మెలితిప్పాడు. చెవి తెగిపోతుందనే అనుకున్నాను. తెల్ల బట్టల మీద నల్లటి నూనె, దాని మీద పసుపు, దాని మీద ఎర్రగా మా ఇద్దరి రక్తం. మధ్యలో మా మేనకోడలు వచ్చి మా చేతులు పట్టుకుంది. ఎవరి మోచెయ్యో తన మూతికి తగిలింది. కింది పెదవి పగిలింది.

ఆ మోచెయ్యి మా బావదే.

మా అక్క బిందెడు నీళ్లు తెచ్చి, కుక్కలను విడదీసినట్టు మా మీద గుమ్మరించింది. “సావుండ్రి,” అంది. “పెండ్లి అయినంక సావుండ్రి.”

పెళ్లికొడుకు పెదనాన్న ఫోను దించనే లేదు. సాయంత్రానికి చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో తిరిగింది. కింద ఎవరెవరు నవ్వు బొమ్మలు పెట్టారో నేను చూసుకున్నాను.

వెళుతుంటే బావ గడపలోంచి, దవడ పట్టుకుని అన్నాడు. “గా బండి మల్ల నా ఇంటి ముందటికి వస్తే అగ్గి పెడుత.”

ఆ తర్వాత మా అక్క ఫోను చేసింది. “పెడుతనంటే పెడుతడు తమ్మీ. నీకు ఎరుకే కదా. పిల్లేమో మామ కారు రాకుంటే నడిసి పోతనంటాంది. గది నీ తీరే మొండిది. పెదవేమో వంకాయ లెక్క వాచింది.”

“ఆయన వచ్చి నన్ను బొట్టు పెట్టి పిలువాలె,” అన్నాను. “మేనమామను. పిలువకుంటే నేను రాను, మేనమామ బట్టలు రావు.”

“మల్ల మొదలువెట్టినవా?”

“నేను మొదలు పెట్టలే.”

నా పని మోటరు వైండింగ్. పొలాల్లో కాలిపోయిన మోటర్లు నా దుకాణానికి వస్తాయి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి, మాడిన రాగితీగను పేగులు లాగినట్టు లాగేసి, కొత్త తీగ చుడతాను. రోజంతా కొట్టడం, చీల్చడం, లాగడమే. ఆ రోజుల్లో నేను ఏ మోటరును కొట్టినా మా బావనే కొట్టాను. ఉలి జారి అరచేయి తెగినా ఆపలేదు.

ఆ కోపంలోనే దారి దొరికింది. తీగల అతుకుల మీద వేసే ప్లాస్టిక్ గొట్టాలు బిగుసుకోవడానికి హీట్ గన్ వాడతాం. చూడటానికి జుట్టు ఆరబెట్టుకునే మిషనులా ఉంటుంది కానీ దాని గాలికి ఇనుము కూడా కాలుతుంది. ఒకసారి పరధ్యానంలో గన్ పక్కకు తిరిగి, బల్ల మీదున్న పాత డ్రిల్లు పిడికి వేడి తగిలింది. ఆ పిడి ఏనాడో తెల్లబోయింది. వేడి తగిలిన మేరకు నల్లగా అయింది. పూసిన నలుపు కాదు, లోపలి నుంచి పైకి వచ్చిన నలుపు. వేలితో రుద్దాను. ఏమీ అంటలేదు. తెల్ల కాగితంతో రుద్దాను. కాగితం తెల్లగానే ఉంది.

ముందు కాలిన ఆయిల్ వదిలించాలి. నూనె మీద గన్ పెడితే పొగ లేస్తుంది, నిప్పూ లేస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, గట్టి బ్రష్షు తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, చేతివేళ్ల చర్మం ఊడేదాకా తోమాను. మోరీలో నల్లటి నీళ్లు పారాయి. పక్కింటివాళ్లు గొడవకు వస్తే బ్రష్షు చూపించాను, వెళ్లిపోయారు. కారును ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, ఎర్ర రంగు అంచులకు టేపు అంటించి, గన్ పట్టుకున్నాను.

ఒకే చోట నిలపకూడదు. నిలిపితే ప్లాస్టిక్ మెత్తబడి జారుతుంది. మరీ వేగంగా తిప్పితే ఏమీ కాదు. బెత్తెడు దూరంలో, గోడకు సున్నం వేసినట్టు నెమ్మదిగా జరుపుకుంటూ పోవాలి. గన్ వెళ్లిన వెనకాలే బూడిద కరిగి నలుపు తేలింది. ముందు బంపర్ అయింది. బీడింగులు అయ్యాయి. అద్దాల డొప్పలు, జాలీ అయ్యాయి. వెనక బంపర్ సగంలో ఉండగా మా బావ సందులోకి వచ్చాడు.

తమ్ముడు రాకపోతే పిల్లను పీట మీద కూర్చోబెట్టనని మా అక్క ఆయనతో తెగేసి చెప్పిందట. అందుకే చేతిలో కుంకుమ భరిణె ఉంది. మూతి మీద పక్కు ఇంకా రాలలేదు.

“ఇంక అయిపోలేదా నీ సోకు?”

“జరుగు బావా, టేపు చుట్ట తొక్కుతాన్నవు.”

“పిలువనీకి వచ్చిన. మోకం ఇటు తిప్పు, బొట్టు పెట్టాలె.”

“ముందు మా నాయిన మీద అన్న మాట వాపస్ తీస్కో.”

“ఏ మాట?”

ఆయన నటించడం లేదు. నిజంగానే మర్చిపోయాడు. నేను రోజూ మోస్తున్న మాటను ఆయన అక్కడే, ఆ రోలు పక్కనే పడేసి వెళ్లిపోయాడు. అన్న మాట కంటే అది నాకు ఎక్కువ కాలింది.

“దొడ్డి తలుపు మాట,” అన్నాను.

“ఓ, గదా. పెండ్లిల సవాలక్ష మాటలొస్తయి. నీకు పిల్ల పెండ్లి కంటే గీ డొక్కు ఎక్కువైంది,” అని కాలెత్తి వెనక బంపర్‌ను తన్నాడు. క్లిప్పులు పటపటమని ఊడి, బంపర్ ఒక పక్క నేల మీదికి వేలాడింది.

నేను ఎడమ చేత్తో ఆయన గొంతు పట్టుకుని కారు వెనక అద్దానికి అదిమాను. కుడి చేతిలో గన్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన దాన్ని నా చేతిలోంచి లాగేయాలని ముందువైపు, వేడి గాలి వచ్చే ఇనుప మూతి దగ్గరే, కుడి చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్నది ఆయనే. నేను పెట్టలేదు. ఒక్క క్షణం ఆయనకు కూడా తెలియలేదు. తర్వాత మాంసం మాడిన వాసన వచ్చింది. చెయ్యి తీసేస్తే అరచేతి తోలు కొంత ఆ ఇనుముకే అంటుకుపోయి ముడుచుకుంది. గన్ కిందపడి, వేలాడుతున్న బంపర్‌కు ఆనుకుని ఊదుతూనే ఉంది. అక్కడ ప్లాస్టిక్ పొంగి, బుడగలు లేచి, తెల్లగా గడ్డకట్టింది.

ప్లగ్గు పీకి ఆయనను నల్లా దగ్గరికి ఈడ్చుకెళ్లాను. వంగోబెట్టి, మణికట్టు పట్టుకుని, నీళ్ల కింద చెయ్యి పెట్టించాను. వెనక్కి గుంజుకున్నాడు. నేను వదలలేదు.

“పెట్టు. మీ ఊరి నీళ్లే,” అన్నాను.

మా అక్క పెళ్లి దగ్గర నుంచి ఆ మాట ఆయన కంటే ముందు నేను అనడం అదే మొదలు. ఆయన పళ్లు బిగబట్టి చాలాసేపు నీళ్ల ధార కింద చెయ్యి ఉంచాడు. తర్వాత ఎడమ చేత్తో కింద పడిన భరిణె వెతికి తీశాడు.

“ఎడమ చేత్తోని పెడుతవా?” అన్నాను.

“కుడిచెయ్యి నువ్వు కాల్చినవు కదరా.”

నేను నుదురు ముందుకు పెట్టాను. కనుబొమ మీద కుట్టు పక్కనే బొట్టు పెట్టాడు. “పెండ్లికి రా,” అన్నాడు. మాట వాపసు తీసుకోలేదు. అది కూడా నా లెక్కలో ఉంది.

దవాఖానకు నా కారులోనే తీసుకెళ్లాను. ఊడిన బంపర్ రోడ్డు మీద గీసుకుంటూ వచ్చింది. దారి పొడుగునా నేను హీట్ గన్‌ను పొగిడాను.

మర్నాడు మా మేనకోడలు ఫోను చేసింది.

“మామా, బండి నల్లగైందా?”

“అయింది. ఒక్క జాగ తప్ప.”

“నాయిన చెయ్యి?”

“ఆయనే పట్టుకున్నడు.”

“ఎవరు పట్టుకున్నరో, ఎవరు పెట్టిన్రో నాకు చెప్పకు. పెదవి సంగతి గూడ ఎవ్వరు ఒప్పుకుంటలేరు. నేను నీ కార్లనే పోత. నాయిన ముందట నీ పక్కన కూసుంటడు. లేకుంటే నడిసే పోత.”

“ఆయన ఒప్పుకున్నడా?”

“బంపర్లు నల్లగైతే సూద్దామన్నది ఆయనే కదా. అమ్మ గుర్తు చేసింది.”

పెళ్లి రోజు పొద్దున ధర్మసాగర్ వెళ్లాను. బంపర్‌ను తీగతో లోపలి నుంచి కట్టి నిలబెట్టాను. బావ కట్టు కట్టిన చెయ్యి ఎత్తిపట్టుకుని కారు ముందుకు వచ్చాడు. అగ్గి పెట్టలేదు. ఎడమ చేతి చూపుడువేలితో ముందు బంపర్ ఈ చివర నుంచి ఆ చివరికి రుద్దాడు. వేలు తిప్పి చూసుకున్నాడు. పంచెకు తుడుచుకోబోయి, తుడుచుకోవడానికి ఏమీ లేక, వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

దారిలో ఆయన కిటికీ వైపు చూశాడు, నేను రోడ్డు వైపు. వెనక నుంచి పెళ్లికూతురు అంది. “ఇద్దరు గిట్లనే ఉండుండ్రి. ఫోటోలల్ల నా పెదవి ఒక్కటి వాచింది, సాలు.”

మండపం దగ్గర తెలిసిన ప్రతివాడూ ఆయన చేతికేమైందని అడిగాడు. “పొయ్యి కాడ కాలింది,” అని చెప్పాడు ఆయన. అది నా కోసం చెప్పింది కాదు, తన పరువు కోసం చెప్పింది. అయినా చెప్పాడు కాబట్టి రాస్తున్నాను. అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు మా అక్క నీళ్లు పోసింది, ఆయన ఒక్క ఎడమ చేత్తోనే కడిగాడు. పంతులు ఏదో అనబోయి, ఆయన మొహం చూసి మంత్రం అందుకున్నాడు.

కానీ దానికి ముందు ఒకటి జరిగింది. మా మేనకోడలు కారు దిగేటప్పుడు, తెల్ల పట్టుచీర కుచ్చిళ్లు తలుపు బీడింగుకు ఒరుసుకున్నాయి. ఒరుసుకుంటూనే కిందికి జారాయి. బావ, నేను, ఇద్దరం ఒకేసారి వంగి ఆ చీర చూశాం. తెల్లగానే ఉంది. ఎర్ర అంచు ఎర్రగానే ఉంది. తను మమ్మల్ని పట్టించుకోకుండా మా అక్క చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కింది.

బావ నడుము నిటారు చేసి, కారు వెనక్కి నడిచాడు. బంపర్ మీద ప్లాస్టిక్ పొంగి తెల్లగా గడ్డకట్టిన చోట ఆగాడు. అరచెయ్యంత ఉంటుంది అది.

“గీడ తెల్లగనే ఉన్నది,” అన్నాడు.

“ఉన్నది,” అన్నాను. “గంత జాగ నీది. నేను ముట్టను.”

ఆయన కట్టు కట్టిన చేతిని ఆ మచ్చ పక్కన పెట్టి, కొలత చూసుకున్నట్టు చూసుకున్నాడు. తర్వాత లోపల సన్నాయి మొదలైతే, ఇద్దరం ఒకరి వెనక ఒకరం వెళ్లాం. ముందు ఎవరు నడిచారో కూడా నాకు గుర్తుంది.